మందు ముట్టని మనిషి

"మందు అలవాటుందా?"

డాక్టరమ్మ కంటే ముందే చీటీ రాసే ఆవిడ అడిగింది, నర్సు అడిగింది, పక్క మంచం ఆయన కూడా అడిగాడు. కళ్ళు పచ్చబడి, చిగుళ్ళలో రక్తం కారుతూ వచ్చినవాణ్ణి ఎవరైనా మొదట అడిగేది అదే.

"చుక్క ముట్టను," అన్నాడు నాన్న.

"పోనీ, వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"వేరే మందూ లేదు, ఈ మందూ లేదు! ముట్టనని చెప్తుంటే వినపడదా?"

డాక్టరమ్మ నావైపు తిరిగింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. చదివింది కామర్సు. అయినా ఆస్పత్రిలో అమ్మ నన్నే ముందుకు తోస్తుంది.

"కాలేయంలో కణాలు చచ్చిపోతున్నాయి. చచ్చినచోట లోపలే రక్తం కారుతోంది. దేనివల్లో తెలిస్తే విరుగుడు ఉండొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ఇచ్చినా లాభం తగ్గుతుంది. ఆయన్ని అడిగి చూడండి," అని ఆమె పక్క వార్డుకు వెళ్ళింది.

అమ్మకు 'చచ్చిపోవడం' ఒక్కటే వినపడింది.

"ఆయన కాదమ్మా, కాలేయంలో కొంత భాగం."

"కొంత చస్తే మిగతాది బతుకుతుందా?"

నేను డాక్టరమ్మ కోసం తలుపువైపు చూశాను.

"నా రోగం నాకూ చెప్పి ఏడవండి," అన్నాడు నాన్న. ఆయన టైల్స్ వేసే మేస్త్రీ.

"టైల్ వేశాక తట్టి చూస్తావు కదా నాన్నా, కింద డొల్లగా ఉందేమోనని? నీ కాలేయం అక్కడక్కడా డొల్ల పడింది. అందులోకి రక్తం దిగుతోంది."

ఆయన తన డొక్క వైపు చూసుకున్నాడు. "ఎన్ని టైల్స్?"

"తెలీదు."

"చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా టైల్స్ లెక్కపెట్టి ఏం లాభం?"

"అదే కదా అడుగుతోంది! ఈ వారం ఏం తిన్నావు, ఏం తాగావు?"

"మళ్ళీ తాగుడా!" గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడకు తల కొట్టుకోవాలనిపించింది నాకు.

అంతలో అమ్మ తమ్ముడు, మా మామయ్య వచ్చాడు. "ఏం బావా, మాకు చెప్పకుండా ఎక్కడ కానిచ్చావు? నేనిన్నేళ్ళుగా పోస్తున్నా నా కాలేయం గుండ్రాయిలా ఉంది!"

నాన్న ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. "నోర్ముయ్ రా! ఒంట్లో జ్వరం, మోకాళ్ళు పచ్చిపుళ్ళు. టైల్స్ వేస్తున్న ఇంటాయనేమో సామాను దింపేస్తానని నెత్తిన కూర్చున్నాడు. వారమంతా మాత్రల మీద బతికి ఆ నేల పూర్తిచేశా. మందట, మందు!"

"ఏ మాత్రలు నాన్నా?"

"మాత్రలే. మందు కాదు."

ఆయన పనిసంచిలో కొలతల టేపు కింద ఒక ప్లాస్టిక్ కవరు దొరికింది. అందులో మూడు రంగుల మాత్రల అట్టలు, మూడూ దాదాపు ఖాళీ.

"ఇది జ్వరానిది, అది మోకాళ్ళది, అది జలుబుది," అన్నాడు. "నొప్పి ఎక్కువైతే ఇంకోటి వేసుకున్నా."

పెద్దక్షరాల పేర్లు మూడూ వేరు. వాటి కింద చీమల్లాంటి అక్షరాల్లో మూడింటి మీదా ఒకటే ఉంది: పారాసెటమాల్. ఒకే మాత్రను మూడు రోగాలకు మూడు పేర్లతో మింగాడు.

"పొద్దుణ్ణుంచి ఇంతమంది అడుగుతుంటే చెప్పవేం!" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

"మందు సంగతి అడిగారు. మాత్రల సంగతి ఎవరడిగారు?"

నా కోపానికి చోటు లేకుండా పోయింది. అట్టలు పట్టుకుని పరుగెత్తాను.

డాక్టరమ్మ వాటిని తిప్పి చూసింది. "పొద్దున్నే తెలిసుంటే..." అని ఆపేసి, నర్సును పిలిచింది. "మోతాదు మించితే ఇది కాలేయాన్నే చంపుతుంది. దీనికి విరుగుడుంది. బతికున్న భాగం సరిపడా మిగిలితే కాలేయం మళ్ళీ పెరుగుతుంది. ఎంత మిగిలిందో రేపటి రక్తపరీక్ష చెప్పాలి."

నర్సు సీసా తగిలించి సూది గుచ్చింది. "కదలకండి, మందు ఎక్కిస్తున్నాం."

నాన్న అనుమానంగా నావైపు చూశాడు.

"మాత్రే అనుకో నాన్నా," అన్నాను, పళ్ళు బిగించి.

ఆమె వెళ్ళాక ఆయన ఖాళీగా ఉన్న చేతి వేలి కణుపుతో తన కుడి డొక్క మీద మెల్లగా తట్టాడు. తల వంచి విన్నాడు. ఇంకాస్త పక్కకు జరిపి మళ్ళీ తట్టాడు.

"ఏం తెలీట్లేదే," అన్నాడు.