సబ్బుపొర పుట్టుపూర్వోత్తరాలు

లాండ్రీలో రెండు యంత్రాలూ గిర్రున తిరుగుతున్నాయి. ఆ హోరులో యజమాని భార్య ఫోన్లో చెల్లెలితో గొంతు చించుకుంటోంది. "మా ఇంట్లో సబ్బుపొర సంగతి నీకు తెలీనిదేముందే!"

చొక్కాల కోసం వచ్చిన గడియారాల తాతకి అది "సబ్బు కొరత" అని వినబడింది. ఆయన చెవులు ఆయన దగ్గరికొచ్చే గడియారాల్లాంటివే, కాస్త వెనకబడి నడుస్తాయి. నోరు మాత్రం ముందు నడుస్తుంది. తిన్నగా సెలూన్‌కి పోయి, గడ్డం సగం గీయించుకుంటూనే కబురు చెప్పేశాడు.

మధ్యాహ్నానికి కౌంటరు ముందు జనం.

"ఆసుపత్రి దుప్పట్లు ఇచ్చెయ్యండి బాబాయ్! ఉత్తి నీళ్లలో జాడిస్తున్నారటగా," అంది నర్సు.

"అందుకేనా నా బనీను ఇంకా నా వాసనే వేస్తోంది!" అన్నాడు బస్సు డ్రైవరు.

యజమాని మొహం ఇస్త్రీపెట్టెలా కాలింది. దుప్పట్లు పోతే ఒక యంత్రం మూలపడ్డట్టే, ఇస్త్రీ చేసే ఇద్దరూ ఇంటికి పోయినట్టే.

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

"మీ ఆవిడే! తాత చెవులారా విన్నాడు."

భార్య యజమానిని కర్టెన్ వెనక్కి లాగింది. "నేనన్నది కొరత కాదండీ. సబ్బుపొర."

"అంటే?"

"అంటే... మీరే."

ఆ వీధిలో పిసినారిని పిసినారి అనరు. పీనాసి అనే మాటకి ఏళ్లుగా అక్కడ పనే లేదు. చెయ్యి విదల్చనివాడు ఎవడైనా సరే, సబ్బుపొరే. ఆ సంగతి తెలియనివాడు ఈయనొక్కడే.

"ఎవరు పెట్టారే నాకా పేరు?"

"పెళ్లయిన కొత్తలో మీ సబ్బు చూసి కోపమొచ్చి నేనే అన్నా. పక్కన నర్సు వాళ్లమ్మ ఉంది. ఇంకేముంది, వీధంతా నురగ!"

"పోనీ, సబ్బుపొడి సంచులు చూపిస్తే?"

"ఇప్పుడే తెప్పించారంటారు."

చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బేరం పోతుంది.

"నేను చెప్పనా?" అంది భార్య.

"వద్దులే. ఉతికింది చాలు. ఆరేసుకోవడం నేనే చేసుకుంటా."

కాలర్లు రుద్దే సబ్బు తెచ్చి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. ఇటుకంత ఉంది. నీలం మీద పసుపు, పసుపు మీద ఆకుపచ్చ, దాని మీద మళ్లీ నీలం.

"చూడండి! అరిగిపోయిన ప్రతి ముక్కనీ తడిపి కొత్తదానికి అతికిస్తా. పారెయ్యడానికి నాకు చెయ్యి రాదు. అది చూసి మా ఆవిడ నన్ను సబ్బుపొర అంది. మీరంతా తిట్టుకునే సబ్బుపొరని నేనే! పొద్దున ఆవిడ ఫోన్లో అన్నదీ నన్నే!"

నర్సు సబ్బు అందుకుని గోరుతో గీకింది. ఒక్క పొరా ఊడలేదు.

"పొరల్నే ఇన్నాళ్లు దాచిన మనిషి సబ్బు అయిపోనిస్తాడా? దుప్పట్లు ఉండనివ్వండి, సబ్బు... బాబాయ్."

"మింగకమ్మా, పూర్తిగా అను."

"సబ్బుపొర బాబాయ్!"

జనం గొల్లుమన్నారు.

"మరి నా బనీను వాసన?" అన్నాడు డ్రైవరు.

"దానికి సబ్బేం చేస్తుందిరా, నువ్వు స్నానం చెయ్యాలి!" అన్నాడు యజమాని.

సగం గడ్డంతోనే వచ్చిన తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటీ? కొరత కాదా? అయితే పొరపాటు నాదేనా?"

"పొర నాది తాతా, పాటు నీది!" అని యజమాని ఆయన చెవిలో అరిచాడు.