గోరంత ముక్క

శనివారం సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లారులోని సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, మగవాళ్ళ వంతు. కాలిన రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పడగానే బుస్సుమని ఆవిరి లేచింది. పై బల్ల మీద కూర్చున్న రేయినో కుడికాలు చాపాడు, మోకాలు మడిచాడు, మళ్ళీ చాపాడు.

"వినండి. ఏమన్నా చప్పుడొస్తోందా? నూనె పోసిన తలుపులా లేదూ?"

"పోయిన శనివారమూ విన్నాం," అన్నాడు రెండో అంతస్తు ముసలాయన. "ఆ కాలు కాస్త దింపు నాయనా. ఆవిరంతా దానికే తగులుతోంది."

అందరూ నవ్వారు. రేయినో కూడా నవ్వి, బొటనవేలు పైకెత్తి గోరు చూపించాడు.

"ఇంత ముక్క. లోపల్నించి ఇంత ముక్క లాగారు. నమ్మకపోతే టౌనోని అడగండి. నా పక్కనే ఉన్నాడు."

టౌనో కింది బల్ల మీద కూర్చున్నాడు. అడిగినా అడక్కపోయినా ఆయన మాట్లాడడని అందరికీ తెలుసు. గరిటె తీసుకుని, "ఇంకాసిని నీళ్ళు పోయనా?" అన్నాడు.

ఆవిరికి పట్టిన చెమట తుడుచుకుంటే పోతుంది. టౌనోకి పట్టిన ఈ చెమట అలాంటిది కాదు. రేయినో మోకాట్లోంచి ఏ ముక్కా రాలేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాడు టౌనో ఒక్కడే.

టౌనోది ఊళ్ళో ఆస్పత్రిలో ఎముకల వాళ్ళ థియేటర్లో పని. పేషెంట్‌ని బల్ల మీదికి చేర్చడం, కాలు పైకెత్తి పట్టడం, అయ్యాక పట్టీ చుట్టడం. జీవితమంతా జనం కాళ్ళు మోశాడు. అక్కడి పెద్ద డాక్టరమ్మ ఔలిక్కికి ఒక అనుమానం పుట్టింది. వయసు మీద పడ్డ మోకాట్లో గుజ్జు చిరిగితే కోసి సరిచేస్తున్నాం కదా, నిజంగా ఆ కోతవల్లే నొప్పి తగ్గుతోందా? లేక కోశారన్న నమ్మకంవల్ల, కాలం గడవడంవల్ల తగ్గుతోందా? తేల్చుకోవడానికి ఒకటే దారి. కొందరికి కొయ్యాలి, కొందరికి కోసినట్టు నటించాలి. ఎవరికి ఏది పడుతుందో చీటీ చెప్పాలి.

దొంగతనంగా చేసిందేం కాదు. చేరే ముందే ప్రతివాడికీ విప్పి చెప్పారు. నీకు కొయ్యొచ్చు, కొయ్యకపోవచ్చు, రెండేళ్ళు పోయాక చెబుతాం, ఇష్టమైతేనే రా అన్నారు. రేయినో ఎగిరి గంతేసి వచ్చాడు. బస్సు డ్రైవరుగా బ్రేకు తొక్కి తొక్కి అరిగిన మోకాలది. "నా మోకాలు డాక్టర్ల పుస్తకాల్లోకి ఎక్కుతుంది," అని మెట్ల మీద కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడు.

రేయినోని థియేటర్లోకి తీసుకొచ్చిన రోజున డాక్టరమ్మ టౌనోని అడిగింది, "ఈయన నీకు తెలుసా?" అని. తెలిసిన మనిషైతే పక్కకి తప్పుకోవాలి. "ఒకే మెట్లు. నమస్కారం మటుకే," అన్నాడు టౌనో. అది నిజం. ఫిన్లాండులో పక్కింటివాడితో మాట్లాడాలంటే ఇల్లు తగలబడాలి.

నడుముకి మత్తిచ్చారు. కింద సగం మొద్దుబారింది కానీ మనిషి మెలకువగానే ఉన్నాడు. ఛాతీ దగ్గర గుడ్డ అడ్డం కట్టారు. డాక్టరమ్మ సన్నటి కెమెరా గొట్టం పెట్టి లోపల చూసింది. నర్సు సిర్పా కవరు చింపి, లోపలి చీటీ మాట లేకుండా అందరికీ చూపించింది. కొయ్యొద్దు అని.

ఇక నాటకం మొదలు. డాక్టరమ్మ పనిముట్లు అడిగింది, అందుకుంది. బ్లేడు లేని మిషను గిర్రుమంది. నీళ్ళు బకెట్లోకి కారాయి. టౌనో కాలు వంచాడు, తిప్పాడు. డాక్టరమ్మ పెట్టిన నియమం ఒక్కటే. చేతులు నటించొచ్చు, నోరు అబద్ధమాడకూడదు. పేషెంట్ ఏమడిగినా "ఇంకాసేపు పడుకో" అనాలి, అంతే.

కాసేపటికి సిర్పా కాలు తను పట్టుకుని, దుప్పటి జారిందని టౌనోని తలవైపు పంపింది. రేయినో గడగడ వణుకుతున్నాడు. అంత పెద్ద మనిషి టౌనో మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమన్నా దొరికిందా? నిజం చెప్పు. ఊరికే కోస్తున్నారా?"

ఏడాది పొడుగునా నాలుగు మాటలు మాట్లాడే మనిషికి ఆ ఐదోది ఎక్కణ్ణుంచి ఊడిపడిందో. టౌనో వంగి చెవిలో అన్నాడు, "దొరికింది. గోరంత ముక్క. తీసేశారు. ఇంక నిన్ను బాధపెట్టదు."

మిషను చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. మణికట్టు మీద పట్టు సడలింది. వణుకు ఆగింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మకి చెప్పాలనుకున్నాడు. పొద్దున చెబుదాంలే అనుకున్నాడు. పొద్దునకి మరో పేషెంట్ బల్ల మీదున్నాడు. వారం తిరక్కుండా రేయినో దాల్చినచెక్క రొట్టెలు పట్టుకుని తలుపు కొట్టాడు. టౌనో తలుపు ఎవరైనా కొట్టి ఎన్నాళ్ళయిందో. ఇద్దరూ కాఫీ తాగారు. తర్వాత టీవీలో హాకీ చూశారు. తర్వాత చేపలకి వెళ్ళారు. రేయినో మాట్లాడతాడు, టౌనో వింటాడు, అలా కుదిరింది. కుదిరినకొద్దీ చెప్పడం కష్టమైంది.

ఒకనాడు పరీక్షలకి వెళ్ళొచ్చి రేయినో కన్నుకొట్టాడు.

"ఏ గుంపులో ఉన్నాననుకుంటున్నావని అడిగారోయ్. నాకు కోశారు, తెలియకపోవడమేంటి అన్నాను. నీ పేరు బయటపెట్టలేదులే. నాకంత మాత్రం తెలీదా?"

టౌనో రొట్టె కొరికాడు.

ఆకులు రాలే రోజుల్లో రేయినో ఆయన్ని తన అన్న ఓయివా ఇంటికి తీసుకెళ్ళాడు. సరస్సు ఒడ్డున ఒంటిల్లు. ఓయివా పెళ్ళి మానుకుని సరస్సుతో కాపురం పెట్టాడని తమ్ముడి ఎగతాళి. వేసవిలో పడవ మీద వేట. చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద మంచుకి కన్నం కొట్టి, మోకాళ్ళ మీద కూర్చుని వల లాగడం. ఆ మోకాళ్ళలో ఒకటి ఇప్పుడు మొరాయిస్తోంది.

"మన ఆస్పత్రిలో చూపించాను. వ్యాయామం చెయ్యి, తర్వాత చూద్దాం అన్నారు," అన్నాడు ఓయివా.

"చూస్తారు, చూస్తారు. నీకు గెడ్డం నేలకి తగిలేదాకా చూస్తారు," అన్నాడు రేయినో. "నగరంలో ప్రైవేటు వాళ్ళున్నారు. పడవ ఇంజనుకి దాచింది తియ్యి అన్నయ్యా. ముక్క లాగించుకో. టౌనో, నువ్వు చెప్పు. నా మాటంటే ఈయనకి చిన్నప్పట్నుంచీ లెక్కలేదు."

ఓయివా టౌనో వైపు తిరిగాడు. ఎండకీ చలికీ మాడిన మొహం, నెమ్మదైన కళ్ళు.

"నువ్వు కళ్ళారా చూశావట. నిజంగా ఆ ముక్కేనా అంత బాధ పెట్టింది?"

టౌనోకి తెలిసింది కొంచెమే. కోత పనికిరాదని డాక్టరమ్మకే ఇంకా తెలియదు. ఒక మోకాలు కొయ్యకుండానే బాగుపడింది, అంతవరకే ఆయనకి తెలుసు. కానీ ఈ మనిషి డబ్బు తీసి కత్తి కింద పడుకోబోతున్నది లేని ముక్కని నమ్మి. ముక్క లేదంటే పరిశోధన గుట్టు రట్టవుతుంది. ఉందంటే రెండో అబద్ధం. ఇలాంటి చోట్ల ఆయనకి చేతనైంది ఒకటే ఉంది, అదే చేశాడు.

"ఆస్పత్రి సంగతులు బయట మాట్లాడకూడదు," అన్నాడు.

"చూశావా?" రేయినో తొడ చరిచాడు. "ఎంత పద్ధతిగల మనిషో. కాదనలేదు కదా. గమనించు."

ఓయివా గమనించాడు. తలూపాడు.

నగరంలో ఆపరేషనైతే బాగానే అయిందన్నారు. క్రిస్మస్ దాటాక మోకాలు గుమ్మడికాయలా వాచింది, జ్వరం కాసింది. చీము పట్టిందని ఊళ్ళో ఆస్పత్రికే తెచ్చారు. లోపలంతా కడగాలి. ఆ కాలు పట్టుకునే వంతు ఆ రోజు టౌనోదే. బల్ల మీద పడుకున్న ఓయివా తలెత్తి చూశాడు.

"నువ్వా. మంచిది. తెలిసిన చెయ్యి," అన్నాడు.

కాలు బరువు టౌనోకి కొత్త కాదు. ఆ కాలు మాత్రం ఆయన మొయ్యలేకపోయాడు. కాలు కిందికి జారుతుంటే సిర్పా ఒకటికి రెండుసార్లు చూసింది. కొన్నాళ్ళకి మళ్ళీ కడగాల్సివచ్చింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ మోకాలు బిగుసుకుపోయింది. ఇక వంగదు.

తర్వాత శనివారం సౌనాలో రేయినో కింది బల్ల మీదే కూర్చున్నాడు, టౌనో పక్కన. కాలు చాపలేదు. గోరు చూపించలేదు. రెండో అంతస్తు ముసలాయన, "ఏమిటివాళ ప్రదర్శన లేదా?" అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు. మిగతావాళ్ళు వెళ్ళాక రేయినో అన్నాడు:

"నేనే తోశాను టౌనో. వద్దు వద్దంటున్న మనిషిని నేనే తోశాను. నా అన్నని నేనే కుంటివాణ్ణి చేశాను."

టౌనో రాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. తను దించుకోని బరువు ఇంకొకడు ఎత్తుకుని, తనదే అనుకుని, తన పక్కనే కూర్చుని ఏడుస్తున్నాడు. రాత్రంతా నిద్ర లేదు.

సోమవారం పొద్దున్నే డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాడు. పేరు పెట్టి పిలువు అని ఆవిడ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది, ఆయన నోరు తిరగనే లేదు.

"డాక్టరమ్మా. రేయినో మోకాలి సంగతి. నేను నోరు జారాను," అన్నాడు. అంతా చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. అన్నాళ్ళు దాచింది ఇంతేనా అనిపించింది.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆ రోజే చెప్పి ఉంటే ఆ రోజే సరిచేసేదాన్ని. ఇప్పుడు అతని మోకాలు నా లెక్కలో ఉంచలేను. నమ్మకం ఎంత పనిచేస్తుందో చూద్దామని కదా మనం కూర్చుంది. అతనికి నువ్వు నోటితో నమ్మకం ఇచ్చావు."

"దయతో అన్నాను."

"తెలుసు. అందుకే ఏమనాలో తోచడం లేదు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "అతన్ని లెక్కలోంచి తీసేస్తే ఎందుకో చెప్పాలి. ఇక దాచే హక్కు నాకు లేదు. పరిశోధన కేసులకి నువ్వు ఇంక థియేటర్లోకి రావద్దు. అతన్ని రేపు పిలుస్తాను. కొయ్యలేదన్నది నేను చెబుతాను. నీ మాట నువ్వు చెప్పుకో."

మర్నాడు రేయినో ఎప్పటి పరీక్షే అనుకుని వచ్చాడు. టౌనోని చూసి, "నిన్నూ పరీక్షిస్తున్నారా? నోరుందో లేదో చూడమనండి డాక్టరుగారూ," అన్నాడు. చాలా రోజులకి ఆ చిన్న హాస్యం.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మీకు పడ్డ చీటీ ఇది. మీ మోకాట్లో కెమెరాతో చూశాం. ఏమీ కొయ్యలేదు. ఏమీ తియ్యలేదు.

రేయినో నవ్వాడు. "లేదండీ, కాయితాలు తారుమారయ్యుంటాయి. ముక్క వచ్చింది. టౌనో చూశాడు." టౌనో వైపు తిరిగాడు. "చెప్పవోయ్. ఇప్పుడు చెప్పొచ్చు."

టౌనో తన అరచేతులు చూసుకున్నాడు.

"రాలేదు," అన్నాడు. "నువ్వు వణుకుతుంటే అలా అన్నాను. ముక్కేమీ లేదు రేయినో. మీ అన్న అడిగినప్పుడు కూడా లేదని చెప్పలేదు."

రేయినో తన మోకాలు వైపు చూశాడు, పరాయివాడి మోకాలిలా. ఒకసారి మడిచి చూశాడు.

"ఇప్పటికీ నొప్పి లేదే," అన్నాడు. ఆ తర్వాత కాలు చాపి, "పుస్తకాల్లోకి ఎక్కదన్నమాట," అన్నాడు.

"ఎక్కదండీ," అంది డాక్టరమ్మ. "క్షమించండి."

బయటికొచ్చి మెట్లు దిగుతూ రేయినో కమ్మీ పట్టుకున్నాడు. ఆ దాల్చినచెక్క రొట్టెల రోజునుంచీ ఈ మనిషి కమ్మీ పట్టుకోగా టౌనో చూడలేదు. నొప్పి వచ్చి పట్టుకున్నాడో, మనసు వంగి పట్టుకున్నాడో. అడిగే మొహం తనకి లేదు.

కారు దగ్గర రేయినో తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కు. ఓయివాకి నువ్వే చెప్పాలి. నీ తరఫున నేను ఒక్క ముక్క కూడా చెప్పను."

కారు సరస్సు దారి పట్టింది.

ఓయివా సరస్సు మధ్యలో ఉన్నాడు. మంచు కన్నం పక్కన వంటింటి కుర్చీ వేసుకుని, బిగిసిన కాలు కర్రలా ముందుకు చాపి, నడుం వంచి వల లాగడానికి చూస్తున్నాడు. అందడం లేదు. రేయినో ఒడ్డునే కారులో ఉండిపోయాడు. టౌనో మంచు మీద నడుచుకుంటూ వెళ్ళి, కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తాడు అందుకున్నాడు. చల్లదనం ప్యాంటులోంచి ఎముకల్లోకి దిగింది.

"నీకొక సంగతి చెప్పాలి," అన్నాడు.

"లాగుతూ చెప్పు. చేప చచ్చిపోతుంది," అన్నాడు ఓయివా.

లాగుతూ చెప్పాడు. వల బరువుగా, నీళ్ళు కారుతూ పైకి వస్తోంది. మాటలు కూడా అలాగే వచ్చాయి. ఓయివా వలలోంచి తెల్లచేపలు ఒక్కొక్కటే విడదీసి మంచు మీద పడేశాడు. అవి కాసేపు కొట్టుకుని బిగుసుకుపోయాయి. అయిపోయాక దూరంగా ఒడ్డున ఉన్న తమ్ముడి కారు వైపు చూశాడు.

"వాడు దిగడేం?"

"నిన్ను చూడలేక."

"అదొకటి." ఓయివా చేతులు కోటుకి తుడుచుకున్నాడు. "అడిగినప్పుడు ఒక్క మాట అని ఉండాల్సింది టౌనో. నేను నిన్నే అడిగాను. వాణ్ణి కాదు."

"అవును."

"అవునంటావేం. ఇంకేమీ లేదా?"

టౌనోకి క్షమించమన్న మాట నాలుకదాకా వచ్చింది గానీ, అది కూడా దయ కోసం అనే మాటలా తోచి మింగేశాడు. వల అంచు పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు.

ఓయివా ఆ మోకాళ్ళ వైపు చాలాసేపు చూశాడు.

"నీవి బాగానే వంగుతున్నాయి," అన్నాడు.

"వంగుతున్నాయి."

"అయితే వల మళ్ళీ దింపు. ఎల్లుండి పొద్దున్నే వచ్చి తియ్యి. మంచు కరిగేదాకా నీదే ఆ పని." కుర్చీ చేతికర్ర చేసుకుని లేచాడు. "మాట్లాడక్కర్లేదు. వస్తే చాలు."

టౌనో వల నీళ్ళలోకి వదలడం మొదలుపెట్టాడు. వెనక మంచు మీద కుర్చీ ఈడ్చుకుంటూ పోతున్న చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాడు. వల ఆఖరి మూర జారిపోయేదాకా వినిపించలేదు.