తలుపు నేలకు రాసిన రోజు

హుమాయున్ ఉలి అంచును ఎడమచేతి బొటనవేలి గోటి మీద ఆనించి చూసుకుంటూ ఉండగా, పాలు పోసే ఏసోబు సైకిలు దిగకుండానే కబురు చెప్పాడు. హిందీ టీచరుగారి వీధి తలుపు నేలకు రాస్తోందట, వీలైతే ఒకసారి రమ్మన్నారట. ఉలి గోటి మీద జారకుండా నిలబడింది, అంటే పదునుగానే ఉంది. పదును కంటితో చూసి చెప్పగలిగిన రోజులు పోయి రెండేళ్లయింది. అతను ఉలిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు.

నిజానికి ఆ పొద్దున అతనికి చేయవలసిన పనేమీ లేదు. తిరువూరులో ముప్పైనాలుగేళ్లు వడ్రంగం చేసిన మనిషి ఆ సాయంత్రం నాలుగు గంటల బస్సుకి బెజవాడ వెళ్లిపోతున్నాడు. నెల కిందట వినగడపలో ఒక రైతు ఇంటికి చేసిన తలుపు అంగుళం కురచైంది. పెన్సిలు గీత రెండుగా కనిపించింది, రెండింట్లో లేని గీత మీద కోశాడు. రైతు ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బాగుండేదనిపించింది. బెజవాడలో ఉన్న కూతురు షహనా ఆ సంగతి విని, అతను బెజవాడ చేరిన మర్నాటికే కంటి ఆపరేషన్ ఖాయం చేసింది. ఆ తరవాత తిరిగి పంపేది లేదని ముందే చెప్పేసింది. రంపాలూ చిత్రికలూ శిష్యుడు నాజిమ్‌కి ఇచ్చేశాడు, గది ఖాళీ చేశాడు. భార్య మహబూబీ పోయి పదకొండేళ్లు. కనుక వెళ్లొస్తానని చెప్పడానికి ఊళ్లో పెద్దగా ఎవరూ లేరు. ఉన్న ఒక్కరికీ ఎలా చెప్పాలో తెలియక వారం రోజులుగా ఆ వీధి మొహమే చూడలేదు.

ఆ ఒక్కరే ఇప్పుడు కబురు పెట్టారు.

బాలాత్రిపురసుందరిగారు ఆడపిల్లల హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. సొంతానికి ఒక చిన్న పెంకుటిల్లు, రెండు గదులు, ముందు అరుగు. ఆరేళ్ల కిందట వంటింటి తలుపు గడియ ఊడిపోయిందని మొదటిసారి పిలిపించారు. హుమాయున్ తన ఉర్దూలో ఏదో అనబోయి, ఆవిడ హిందీ విన్నాక సిగ్గుపడి తెలుగులోకి వచ్చేశాడు. గడియ దానంతట అది ఊడితే చెక్కలో రంధ్రం వెడల్పవుతుంది, స్క్రూ వదులై వాలిపోతుంది. అక్కడ రంధ్రం బిగువుగానే ఉంది. స్క్రూ తల మీది గాడి మాత్రం చెదిరిపోయి కొత్త గీతలు మెరుస్తున్నాయి. ఎవరో పనిగట్టుకుని విప్పారు. ఆ ఇంట్లో ఉండేది ఒక్కరే. అతను తలెత్తి చూస్తే ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు.

హుమాయున్ ఏమీ అనకుండా బిగించాడు. ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు, వేప చెక్కకూ మద్ది చెక్కకూ తేడా ఏమిటని అడిగారు. అతను అరగంట చెప్పాడు. అంతసేపు తన మాట ఎవరైనా విని ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు. ఆ రోజు గదికి నడుస్తుంటే తన గొంతు తనకే కొత్తగా అనిపించింది.

అప్పటినుంచి నెలకో నలభై రోజులకో ఏదో ఒకటి ఊడేది. ఒకసారి కిటికీ కొక్కెం, ఒకసారి బీరువా పిడి, ఒకసారి పీటకోడు. లోకంలో ఏ ఇంట్లోనూ స్క్రూలు అంత క్రమశిక్షణగా ఊడవు. అతను వచ్చేవాడు, రెండు నిమిషాల్లో బిగించేవాడు, అరగంట మాట్లాడేవాడు. ఆవిడ టీ గ్లాసు అరుగు మీద పెట్టి గుమ్మంలో నిలబడేవారు. ఒకరి కోసం ఒకరు ఎదురు చూస్తున్నామని చెప్పుకునే వయసూ కాదు, వీలూ కాదు. అందుకని చెక్క గురించే మాట్లాడుకున్నారు.

ఈసారి పై బందు స్క్రూలు విప్పి ఉంటారనుకుంటూ, స్క్రూడ్రైవరు చేత పట్టుకునే అరుగెక్కాడు హుమాయున్. బొటనవేలితో తడిమాడు. బందులు మూడూ రాయిలా ఉన్నాయి. వానాకాలంలో తలుపు రాస్తే ఉబ్బిందనుకోవచ్చు. ఇది మాఘమాసం, చెక్క ఎండి సన్నబడే రోజులు. తలుపు నిజంగానే రాస్తోంది. అతను స్క్రూడ్రైవరు సంచిలో పెట్టి ఉలి తీశాడు.

మోకాళ్ల మీద కూర్చుని ద్వారబంధం అడుగున ఉలి పిడితో కొట్టాడు. ఖంగుమనవలసిన చెక్క అట్టపెట్టెలా పలికింది. శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాసుకునే ఓపిక మోకాళ్ల నొప్పులతో పోయాక, సుందరిగారు గడపకూ, ద్వారబంధం పాదాలకూ పసుపుపచ్చ పెయింటు వేయించేశారు. వీధిలో సగం ఇళ్లు చేసిన పనే. పెయింటు మీద నీళ్లు పోసి తుడుస్తూనే ఉన్నారు. పైకి గడప లక్ష్మీకళతో మెరుస్తోంది. ఉలి మొన ఆనించి చిన్నగా నొక్కితే, మగ్గిన బొప్పాయిలోకి దిగినట్టు దిగిపోయింది. లోపలినుంచి చెదమట్టి రాలింది.

ఇది అబద్ధం కాదు. ఆరేళ్లుగా ఈ ఇంట్లో లేని జబ్బులకు మందు వేస్తూ, ఉన్న జబ్బును పక్కనే కూర్చుని టీ తాగుతూ వదిలేశాడు. తన కళ్లను తిట్టుకున్నాడు కానీ కళ్లది సగం తప్పేనని అతనికి తెలుసు. మిగతా సగం, ఈ ఇంట్లో నిజంగా ఏదైనా పాడవుతుందని తను ఎన్నడూ అనుకోకపోవడం.

పాదాలు కోసి కొత్త చెక్క అతకాలి, గడప మార్చాలి, రెండు రోజుల పని అని చెప్పాడు. సుందరిగారు పంచాంగం తెచ్చి చూశారు. మంగళవారం గడప కదల్చకూడదు. ఎల్లుండి గురువారం దివ్యంగా ఉంది, పొద్దున్నే రమ్మన్నారు. ఎల్లుండికి తను బెజవాడలో కంటికి కట్టు కట్టుకుని ఉంటాడు. ఆ మాట అనడానికి నోరు తెరిచిన హుమాయున్, అలాగేనండి అన్నాడు. పిరికితనానికి వయసుతో పని లేదు.

ద్వారబంధం కూలకుండా చెక్కముక్కతో బిగించి, ఇప్పుడే వస్తానని చెప్పి, నాజిమ్ షెడ్డుకు నడిచాడు. నాజిమ్ అతని దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ప్లైవుడ్ తలుపులు చేసి బాగుపడ్డాడు. పనిమంతుడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. గురువారం పని ఒప్పుకుని, సాయంత్రమే వెళ్లి కొలతలు తీసుకుంటానన్నాడు. పనిలో పనిగా ఇంట్లో తలుపులూ కిటికీలూ అన్నీ చూసిపెడతానన్నాడు.

హుమాయున్ అక్కడే నిలబడిపోయాడు. చెదిరిన స్క్రూ తలలు ఒక్కసారి చూస్తే చాలు, నాజిమ్‌కి సంగతి అర్థమవుతుంది. ఇలాంటి పనులు ఎవరు చేశారంటాడు, నవ్వుతాడు. చీకటి పడేలోగా సెంటర్లో టీకొట్టు దగ్గర హిందీ టీచరమ్మ కథ చెబుతాడు. ముప్పై ఏళ్లు ఆ ఊరి ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి పెరుగు కోసం బయటికొచ్చినా తల దించుకోవలసి వస్తుంది. అది మాత్రం జరగకూడదు. అతను ఇనుప సామాన్ల కొట్లో మూడు సైజుల కొత్త స్క్రూలు కొనుక్కుని వెనక్కి వచ్చాడు.

పన్నెండు నుంచి మూడింటి దాకా ఆ ఇంట్లో ప్రతి స్క్రూనూ బొటనవేలితో తడిమి, గాడి చెదిరినదాన్నల్లా తీసి కొత్తది బిగించాడు. కన్ను చేయలేని పని వేలు చేసింది. గడియకు నాలుగు, కొక్కేలకు ఆరు, బీరువా పిడికి రెండు. ఒక్కొక్కటీ చేతికి తగులుతుంటే అది ఊడిన రోజు గుర్తొచ్చింది. కిటికీ కొక్కెం ఊడిన రోజు కుండపోత వాన, రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. పిడి ఊడింది రంజాను మర్నాడు. తీసినవన్నీ చొక్కా జేబులో వేసుకున్నాడు. వాటిని ఈ ఊళ్లో పారేయడం కూడా అతనికి ఇష్టం లేదు.

సుందరిగారు మొదట వంటింట్లోంచి విన్నారు, తరవాత గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బాగున్నవాటిని ఎందుకు మారుస్తున్నారని అడిగారు. తుప్పు పట్టాయండి అన్నాడు తల తిప్పకుండా.

పని అయ్యాక అరుగు మీద కూర్చుని, ఆ రోజు టీ రాకముందే, తనే మొదలుపెట్టాడు. వానల్లో తలుపు బిగిస్తే చిత్రిక పట్టించొద్దు, అంచుకు కొవ్వొత్తి రాసి దసరా దాకా ఓపిక పట్టండి, దానంతట అదే సర్దుకుంటుంది. బందు కీచుమంటే రెండు చుక్కల నూనె. స్క్రూ వదులైతే రంధ్రంలో అగ్గిపుల్ల విరిచి పెట్టి బిగించండి. వీటికెవరినీ పిలవక్కర్లేదు. తట్టితే బోలుగా పలికినా, ఎండల్లో తలుపు రాసినా, గోడకూ ద్వారబంధానికీ మధ్య సందు కనిపించినా మాత్రం చెయ్యి పెట్టకుండా నాజిమ్‌కి కబురు చేయండి. పాఠం అప్పజెబుతున్న పిల్లాడిలా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"నాజిమ్‌కి ఎందుకు మేస్త్రీ? మీరున్నారుగా."

"నాలుగు గంటల బస్సుకి బెజవాడ పోతున్నానండి. అమ్మాయి దగ్గరికి, కంటి ఆపరేషనుకి. గురువారం గడప పని నాజిమ్ చేస్తాడు. ఇక రాను."

సుందరిగారు తలూపారు. ఎన్నో ఏళ్లు బదిలీల మాటలు విన్న మనిషి తలూపినట్టే ఊపారు. కళ్లకు మంచిది, వెళ్లాలి, అన్నారు. తరవాత లోపలికి వెళ్లారు. కుట్టుమిషను సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి తిరిగి వచ్చి, చేతిలో ఉన్నది అతనికీ తనకూ మధ్య అరుగు మీద పెట్టారు. కుట్టుమిషనుతో పాటు ఇస్తారు చూడండి, వేలెడు పొడుగు స్క్రూడ్రైవరు, అది. మొన అరిగి గుండ్రమైపోయింది.

"ఇది పట్టుకెళ్లండి మేస్త్రీ. ఇక నాకు దీంతో పని లేదు."

హుమాయున్ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. సూదులు బిగించుకునే పనిముట్టు. దీంతో రెండంగుళాల స్క్రూ కదల్చాలంటే మగవాడి అరచెయ్యి కూడా బొబ్బలెక్కుతుంది. ఆరేళ్లుగా ఆ చెదిరిన తలలు చూశాడే గానీ, వాటి వెనక ఎంతసేపు పెనుగులాట ఉండి ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

"చెయ్యి నొప్పెట్టలేదా టీచరుగారూ?"

"పెట్టేది," అన్నారావిడ. "మీరొచ్చేసరికి తగ్గిపోయేది."

బస్సుకు వేళయింది. హుమాయున్ చేతిలోది అరుగు మీద పెట్టి, లేచి సంచి భుజాన వేసుకున్నాడు, దండం పెట్టాడు, జాగ్రత్తగా మెట్లు దిగాడు. సుందరిగారు కదిలే తలుపును రెండు చేతులతో కొంచెం పైకెత్తి, నేలకు రాయకుండా మెల్లగా మూసుకున్నారు. నాజిమ్ మోపెడ్ మలుపు తిరిగి వస్తున్న చప్పుడైంది. ఎండ జారిన అరుగు మీద, ఇద్దరూ తీసుకోకుండా వదిలేసిన ఆ వేలెడు స్క్రూడ్రైవరు, అరిగిన మొన వీధి వైపు పెట్టుకుని అలాగే పడి ఉంది.