ఆవలి ఒడ్డున చుట్టాలు

మనిషికి ఒక్కో పిచ్చి ఉంటుంది. కొందరికి పేకాట, కొందరికి కల్లు. మాదాపూర్ రాజయ్యకు చుట్టాల పిచ్చి. గుట్టల మధ్య తన జొన్నచేను గట్టు మీద నిలబడి ఏ దిక్కు చూసినా, ఆ దిక్కున తనవాళ్లెవరో పొయ్యి మీద కూర పెట్టి ఎదురుచూస్తున్నారనే అతనికి అనిపించేది. నార్సింగిలో అక్క, బాలానగర్‌లో మేనమామ కొడుకులు, వాళ్ల వియ్యంకులు, ఆ వియ్యంకుల బావమరదులు. చుట్టం ఊరి మీదుగా పోతూ గడప తొక్కకుండా దాటిపోవడం ఆ రోజుల్లో చిన్న తప్పు కాదు. ఆ మాటను తరువాతి పెళ్లిలో, ఆ పై చావులో కూడా తవ్వి తీసేవాళ్లు.

అతని భార్య రుక్కమ్మకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఉన్నది ఒకటే కోరిక. సముద్రం చూడాలి. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎద్దుల మీద ఉప్పు తెచ్చే లంబాడీలు పుట్టింటి వాకిట్లో దిగి, ఉప్పు పుట్టేచోట నీళ్లకు ఆవలి ఒడ్డే ఉండదని చెప్పారు. అప్పటి నుంచి ఆమె ఏ నీళ్లు చూసినా ముందు ఆవలి ఒడ్డునే చూసేది. దుర్గం చెరువుకు ఆవలి ఒడ్డు ఉంది. గండిపేటకూ ఉంది. ఒడ్డు ఉందంటే దాని మీద రాజయ్య చుట్టం ఒకడు ఉండనే ఉంటాడు. అక్కడికి వెళితే మగవాళ్లకు మంచం వేస్తారు, ఆడవాళ్లను వంటింట్లోకి తోస్తారు. పెళ్లయిన నాటి నుంచి రుక్కమ్మ చేసిన ప్రయాణాలన్నీ ఒకరి మసాలా బండ దగ్గర లేచి ఇంకొకరి మసాలా బండ దగ్గర కూర్చోవడమే.

యూనియన్ మిలిటరీ వచ్చి నవాబుల రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలం అదృష్టం ఆమె తలుపు తట్టింది. కొడుకు వీరేశం ఒక జాగీర్దారు దగ్గర మోటరు నడిపేవాడు. జాగీర్లు ఊడతాయన్న గాలివార్త రాగానే దొర ముందుచూపుతో మోటరు అమ్మేశాడు. కొన్నవాడు పదిహేను రోజుల తరువాత వచ్చి తీసుకుపోతానన్నాడు. దొర పూనాకు పోతూ వీరేశాన్ని పిలిచి, అందాక బండి ఊరికే నిలబడితే పాడవుతుంది, మీ అమ్మానాన్నలను ఎటైనా తిప్పుకురా, పెట్రోలు మాత్రం నీదే అన్నాడు. ఇంకోసారి తన జన్మలో మోటరు గుమ్మం ముందుకు రాదని రుక్కమ్మకు తెలుసు. చూస్తే ఇప్పుడే చూడాలి, లేకపోతే ఇక లేదు.

ఎటు పోదామని వీరేశం అడగగానే ఎవరూ నోరు తెరవకముందే ఆమె "సముద్రం" అంది. రాజయ్య వెంటనే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడో సాయంత్రం మకాంలు కుదిర్చేటప్పుడు గానీ ఆమెకు అర్థం కాలేదు.

అందరూ అరుగు మీద కూర్చున్నారు. మోటరు సంగతి విని నార్సింగి నుంచి రాజయ్య అక్క పోచమ్మ మూటాముల్లెతో అప్పటికే దిగిపోయింది. ఆచారాల విషయంలో ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది.

"బందరుల ఒక మకాం పెడదం నాయినా" అన్నాడు వీరేశం. "రోజూ పొద్దుగాల్నే లేచి సముద్రపొడ్డు పొంటి పోదం, పొద్దుమీకి మకాంకు తిరిగొద్దం. ఆడ సూసుడయినంక కాకినాడల ఇంకో మకాం. గోదారి కాడ మోటరును పడవ మీదికెక్కిస్తరట."

"మోటరెక్కినంక మల్ల పడవెందుకు?" అంది పోచమ్మ. "అయినా మా నార్సింగి పక్కన గండిపేట లేదా? గంతకన్న పెద్దగ ఏముంటది?"

రాజయ్య అసలు విషయానికి వచ్చాడు. "బందరుల మనోళ్లెవలున్నరు?"

"ఎవలు లేరు. సత్రం ఉంటది."

"సుట్టాలు లేనోడు పంటడు సత్రంల. మనకేం కర్మ?"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డబ్బాలో పెట్రోలు పడకముందే రాజయ్య మకాంలన్నీ తేల్చేశాడు. గుప్పెడు చింతగింజలు తెచ్చి అరుగు మీద వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. మొదటి గింజ చౌటుప్పల్, మేనకోడలి అత్తగారిల్లు, అక్కడ తలకాయ కూర. రెండోది నకిరేకల్, తోడల్లుడి తమ్ముడు, వాళ్లింట్లో గారెలు బాగుంటాయి. తరువాత సూర్యాపేటలో లింగమూర్తి బావ, కోడి కోయకుండా కదలనివ్వడు. ఆ తరువాత కోదాడ. ఒక్కో గింజకు రెండేసి రోజులు. ఆఖరి గింజ బెజవాడలో పెట్టేసరికి అరుగు అయిపోయింది, వీరేశం లెక్కలో పెట్రోలూ అయిపోయింది.

రుక్కమ్మ ఆ గింజల వంక చాలాసేపు చూసింది. "గిండ్ల సముద్రం ఏడుంది?"

రాజయ్య నిజంగానే వెతికాడు. చివరికి అరుగు దిగువన కోళ్లు గెలుకుతున్నచోటు చూపించాడు. "గక్కడ వస్తది. గంతదూరం ఎందుకే, బెజవాడల కృష్ణ ఉన్నది కద. గవి నీళ్లు గావా?"

మర్నాడే సంతకు పోయేవాళ్ల చేత, బస్సు వాళ్ల చేత మకాంలన్నిటికీ కబురు వెళ్లింది. రుక్కమ్మకు ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువగా కోపమొచ్చింది. సముద్రం పేరు చెప్పి ఐదు ఊళ్లలో మసాలా నూరించబోతున్నారు.

ఆ కోపంలో ఆమె ప్రయాణానికి కారం దంచుతుంటే, పక్కన కూర్చున్న పోచమ్మ తన పాత బాధ ఎత్తుకుంది. "పోయినేడు మా మరిది బిడ్డ పెండ్లికి పోకపోతిని. మా పాలోళ్లల్ల ఒక ముసలోడు సచ్చె, నాకు మైల అంటె. మైలల ఎవలింటి గడపా తొక్కొద్దు, ఎవలింట్ల మెతుకు ముట్టొద్దు. పెండ్లిల ఏం పెట్టిన్రో గూడ తెల్వకపాయె."

రుక్కమ్మ చేతిలో రోకలి ఆగిపోయింది. మైలలో ఉన్నవాళ్లు చుట్టాల గడప తొక్కకూడదు. ఇక కావలసిందల్లా ఒక చావు.

ఎవరిని చంపాలన్నది పెద్ద చిక్కు. దగ్గరివాళ్లను చంపడానికి మనసొప్పదు, మరీ దూరంవాళ్లు చస్తే మైల అంటదు. ఆలోచించగా ఆలోచించగా నర్సింహ గుర్తొచ్చాడు. రాజయ్యకు పాలివాడు, వరసకు తమ్ముడు. ఎప్పుడో బొంబాయి మిల్లులో పనికి పోయి మళ్లీ ఊరి మొహం చూడలేదు. అతనికి ఊరితో పని లేదు, ఊరికి అతనితో పని లేదు. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు, సముద్రానికి ఒక్కటి ఆడితే తప్పేమిటి అనుకుంది. మనసులోనే నర్సింహకు దండం పెట్టుకుని, బిందె తీసుకుని బావికి వెళ్లి, సగం బిందెతో ఏడుస్తూ తిరిగొచ్చింది.

"నర్సింహ పోయిండట" అంది, అప్పుడే చేను నుంచి వచ్చిన రాజయ్యతో.

"ఎవలు జెప్పిన్రు?"

"బావికాడ పక్కింటి సీతాబాయి. నిన్ననే బొంబాయికెళ్లి వచ్చింది కద."

రాజయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. కాసేపటికి భుజం మీద తువ్వాలు తీసి మోకాళ్ల మీద వేసుకుని, "అయ్యో నర్సింహా" అని చతికిలబడ్డాడు.

తీర్పు చెప్పవలసింది పోచమ్మ. ఆమె చెప్పింది. "ఇగ ఎవలింటికి పోవద్దు. దినాలయ్యేదాంక అసలు పయనమే వద్దు."

రుక్కమ్మ గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే, ఆ గొడ్డలి తన కాలి మీదే పడింది. దినాలయ్యేలోగా మోటరు కొన్నవాడు వచ్చేస్తాడు. ఆమె ఈసారి నిజంగానే ఏడ్చింది. నర్సింహ మీద మరదలికి ఇంత ప్రేమ ఉందని తెలియక పోచమ్మ ఆశ్చర్యపోయింది.

అప్పుడు రాజయ్యే తలెత్తాడు. "అక్కా, సముద్రంల మునిగితే మైల పోతదని పెద్దలంటరు కద."

పోచమ్మ ఆలోచించింది. "పోతది. అన్ని నదులు గండ్లనే కలుస్తయి కద. అయితే నడుమ యాడ దిగొద్దు."

"దిగం" అన్నాడు రాజయ్య.

చద్దిమూటలు కట్టుకుని బయలుదేరారు. కానీ కబురు ముందే వెళ్లింది కాబట్టి ప్రతి ఊరి మొదట్లోనూ చుట్టాలు రోడ్డు మీదే కాచుకుని ఉన్నారు. చౌటుప్పల్ వాళ్లు మసాలా వాసనతో సహా ఎదురొచ్చారు. నకిరేకల్ వాళ్లు సంగతి విని దూరంగా నిలబడి సానుభూతి చెప్పారు. సూర్యాపేటలో లింగమూర్తి చంకలో కోడిపుంజుతో రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మైల బావా" అన్నాడు రాజయ్య మోటరులోంచే. "నర్సింహ పోయిండు."

నర్సింహ ఎవరో లింగమూర్తికి తెలియదు. అయినా మర్యాద తెలిసినవాడు కనుక పుంజును గట్టిగా హత్తుకుని భోరుమన్నాడు. అతను ఏడుస్తున్నంతసేపూ రాజయ్య ఆ పుంజునే చూస్తూ కూర్చున్నాడు. ఎర్రటి జుట్టు, బలమైన తొడలు. వీరేశం మోటరు కదిలించాక కూడా మెడ తిప్పి అది కనిపించినంత మేరా చూశాడు. చచ్చిన నర్సింహ వల్ల ఒక కోడి బతికిపోయింది.

రోడ్డు పక్కన మోటరు నీడలో కూర్చుని జొన్నరొట్టెలో చింతకాయ తొక్కు పెట్టుకుని తిన్నారు. రాజయ్య ఒక్క మాట సణగలేదు. సణిగితే రుక్కమ్మకు నెమ్మదిగా ఉండేది. ఎండు రొట్టె నమిలే ఆ మొహం చూస్తుంటే ఆమెకు జాలి వేసింది, బతికున్న మనిషిని చంపానన్న భయమూ వేసింది. ఆ మాట బయటపడితే పోచమ్మ తనను ఊరూరా కడిగేస్తుంది. అయినా వెనక్కి తిప్పమని మాత్రం అనలేదు.

బందరు సత్రంలో మైల మనుషులమని పోచమ్మ అందరినీ వసారాలోనే పడుకోబెట్టింది. "ఈడ దావత్ లేదు, సుట్టం లేడు. గిదేం మకాం" అని రాజయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి బయలుదేరారు. తాటితోపులు దాటాక ఉప్పుమడులు తెల్లగా వచ్చాయి. రుక్కమ్మకు ఎద్దుల మీద ఉప్పు బస్తాలు గుర్తొచ్చాయి. ఇక మోటరు పోదని వీరేశం ఇసుక మొదట్లో ఆపేశాడు. ఆమె ఎవరి కోసమూ ఆగలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడిచింది.

ఆవలి ఒడ్డు లేదు. కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు వెతికింది. లేదు. లంబాడీలు అబద్ధం చెప్పలేదు. ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది, చిన్నపిల్లలా ఆ నీళ్లలో మోకాళ్లదాకా దిగి నిలబడింది.

పోచమ్మ వంగి ఒక దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "మా గండిపేట నీళ్లే తియ్యగుంటయి" అని, మైల వదిలించుకోవడానికి వీరేశం చెయ్యి పట్టుకుని లోపలికి దిగింది.

రాజయ్య వచ్చి రుక్కమ్మ పక్కన నిలబడ్డాడు. అతనూ ఆవలికే చూస్తున్నాడు.

"గా దిక్కు ఏ ఊరుంటది?"

"ఏ ఊరు లేదు."

"మరి మనోళ్లు?"

"ఎవలు లేరు."

అంత పెద్ద చోటు, ఒక్క చుట్టం లేడు. రాజయ్య మెల్లగా అన్నాడు. "నర్సింహ సావలేదు. నాకెరికే."

రుక్కమ్మ కాళ్ల కింద ఇసుక జారింది.

"నువ్వు బావికి పోయిన పొద్దే సీతాబాయి మన సేను కాడ నాకు గూడ కలిసె. నర్సింహ మూడో పెండ్లి జేసుకున్నడట. మనకు లడ్లు గూడ పంపిండట, తొవ్వల ఆమెనే తిన్నదట."

"గట్లయితే ఎందుకు గమ్మునున్నవు?"

"ఎన్నడు అబద్ధమాడనిదానివి" అన్నాడు రాజయ్య నీళ్ల వంకే చూస్తూ. "ఒక మనిషిని సంపేదాంక వస్తివంటే, నీకెంత ఆశ ఉండెనో అనుకున్న. ఇన్నేండ్లు నువ్వు అడుగుతనే ఉన్నవు. నేను కూర రుచి జూసుకుంట కూసున్న."

రుక్కమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. అల ఒకటి వచ్చి ఇద్దరినీ నడుముదాకా తడిపి పోయింది. తడిసిన పంచె పిండుకుంటూ అతను తూలితే ఆమె చెయ్యి పట్టుకుంది.

"కాకినాడ మకాం గూడ సూసినంక పోయేటప్పుడు సూర్యాపేటల దిగుదం" అంది. "లింగమూర్తన్న పుంజు ఇంక బతికే ఉంటది."

రాజయ్య మొహం వెలిగింది. "మైల?"

"సముద్రంల మునిగినం కద. గని ఒక్క మాట. ఆడ మసాలా నువ్వు నూరాలె."

రాజయ్య మరోసారి ఆవలి ఒడ్డు కోసం చూశాడు. అడ్డం పడడానికి ఒక్క చుట్టమైనా కనిపించలేదు.

"నూరుత" అన్నాడు.