మంచుకొండకి కుంకుమబొట్టు

ఆవకాయ జాడీలో తడి గరిట పెట్టిందెవరన్న దానిమీద ఆ సోమవారం పొద్దున్న గణేష్‌బాబుకీ సూర్యకళకీ మాటామాటా పెరిగింది.

"తుడిచే పెట్టాను," అన్నాడతను.

"దేంతో తుడిచారు?"

"లుంగీతో."

సూర్యకళ జాడీ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. "ఇంటినిండా తువ్వాళ్లుంటే లుంగీతోనా అండీ?"

"ఏ గుడ్డతో తుడిచానో గరిటకి తెలుస్తుందేంటి?"

"గరిటకి తెలీదు. బూజుకి తెలుస్తుంది."

వత్తులు చేసుకుంటున్న అత్తగారు పాపాయమ్మ తలెత్తకుండానే, "పెట్టింది ఏడాదికి సరిపడా ఆవకాయా, ఏడాదికి సరిపడా గొడవా?" అంది.

అంతలో గేటు చప్పుడైంది. వెనకవీధి సంపూర్ణమ్మగారు. మూడు మెట్లెక్కేసరికి ఆవిడకి ఉబ్బసం ఎగదన్నింది. గోడ పట్టుకుని ఊపిరి కూడదీసుకుని, ఆకులో కొబ్బరిముక్కలు పాపాయమ్మ చేతిలో పెట్టింది. ఆ వెంటనే ఆవిడే సూర్యకళ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"అయ్యో, ఇదేంటి పిన్నిగారూ!"

"కాదనకు తల్లీ. కైలాసం చూసొచ్చినదానివి. మీ క్యాలెండర్ పుణ్యమా అని మాకూ దర్శనం అయింది."

సూర్యకళకి ముక్క అర్థం కాలేదు. క్యాలెండర్ సంగతి ఆమెకి తెలుసు. సామర్లకోట బజారులో మామగారు జగన్నాథరావుది హోల్‌సేల్ కిరాణా కొట్టు. ఏటా కొట్టు పేరుతో ఖాతాదార్లకి పంచే క్యాలెండర్ మీద లక్ష్మీదేవి ఉండేది. ఈసారి కొత్తగా ఏదైనా వేద్దామని ఆయనే కోడలి ఫోటోలు అడిగారు. పెళ్లయిన పాతికేళ్లలో వాళ్లు తిరిగిన ఊళ్లన్నిటిలో మిగతావాళ్లు సెల్ఫీలు దిగుతుంటే ఆమె వెలుగు కోసం కాచుకుని ఫోటోలు తీసేది. ప్రతి దాని వెనకా ఊరు, తేదీ, టైము రాసి పెట్టుకునేది. ముందు ఉప్పాడ కెరటాల ఫోటో ఇచ్చింది. "సముద్రం ఇళ్లు మింగేస్తున్న ఊరు కొట్లో తగిలిస్తే కలిసొస్తుందా అమ్మా?" అన్నారాయన. అప్పుడు మనాలి దగ్గర తీసిన మంచుకొండ ఇచ్చింది. తరవాత పది రోజులు ద్రాక్షారామంలో పుట్టింట్లో ఉండి, నిన్న సాయంత్రమే వచ్చింది. అచ్చయిన క్యాలెండర్ ఇంకా చూడలేదు.

"ఓసారి మా ఇంటికి రా. నువ్వే చూద్దువుగాని," అంటూ సంపూర్ణమ్మ ఆమెని వెంటబెట్టుకుపోయింది.

దేవుడి గదిలో, వెంకటేశ్వరస్వామి పటం పక్కన, తన ఫోటో.

తేదీల కాగితాలు కత్తిరించేసి దానికి ఫ్రేము కట్టించారు. కొండ కొన మీద పసుపు, ఆ పైన కుంకుమబొట్టు. చుట్టూ బంతిపూల దండ. ఆ కొండని సూర్యకళ ఓ టీ కొట్టు బయటి బల్ల ఎక్కి తీసింది. కింద ఎడమవైపు ఆ కొట్టు రేకు కప్పు, పొయ్యి మీంచి లేస్తున్న పొగ ఉండాలి. ఆ పొగ కోసమే గంటసేపు చలిలో నిలబడింది. ఇప్పుడక్కడ కొట్టూ లేదు, పొగా లేదు. తెల్లగా మంచు నింపేశారు. అడుగున ఎర్రటి అక్షరాల్లో 'కైలాస దర్శనం' అని ఉంది. దాని కింద 'ఛాయాచిత్రం: శ్రీమతి సూర్యకళ'.

ఆమె ఇంకా తేరుకోనేలేదు, సంపూర్ణమ్మ హారతి వెలిగిస్తూ అంది: "వేసవిలో నేనూ వెళ్తున్నానమ్మా. యాత్రకి పేరిచ్చేశాను."

"ఎక్కడికి?"

"కైలాసానికే. ఆ ఎత్తులో గాలే అందదు, నీ ఊపిరితిత్తులకి పనికిరాదని డాక్టరన్నాడు. మా వెంకటదుర్గ ఒకటే ఏడుపు. మీ మావగారే నాకు ధైర్యం చెప్పారు. మా కోడలు వెళ్లి వారంలో వచ్చేసింది, కారు కొండ కిందదాకా వెళ్తుంది అన్నారు. నీ పేరు చెప్పాకే మా అమ్మాయి నోరు మూసుకుంది."

కర్పూరం పొగకి ఆవిడకి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా సూర్యకళ వీపు రాస్తూ ఉండిపోయింది. అది కైలాసం కాదని చెప్పకుండానే ఇంటికి వచ్చేసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. దొండకాయ వేపుడు, ముద్దపప్పు, మజ్జిగపులుసు. జగన్నాథరావు మంచి హుషారుగా ఉన్నారు.

"అమ్మా సూర్యకళా, నీ ఫోటో అదిరిపోయింది! లక్ష్మీదేవి క్యాలెండర్లు సంక్రాంతి దాకా మిగిలిపోయేవి. ఇవి నాలుగు రోజుల్లో సగం అయిపోయాయి."

"అది కైలాసం కాదు మావయ్యగారూ."

"నాకు తెలీదా? హిమాలయమంతా శివుడిదే కదమ్మా. మనాలి అని వేస్తే ఎవరు తగిలించుకుంటారు?"

"నేను కైలాసం వెళ్లొచ్చానని సంపూర్ణమ్మ పిన్నిగారితో చెప్పారట."

"మంచుకొండకి వెళ్లొచ్చిందన్నాను. కారు వెళ్తుందన్నాను. మనాలికి మనం కారులో వెళ్లలేదూ?" అని కొడుకు వైపు చూశారు. గణేష్‌బాబు పప్పులో నెయ్యి కలపడంలో మునిగిపోయాడు.

"ఆవిడ యాత్రకి పేరిచ్చేశారు. మెట్లెక్కితేనే ఊపిరాడని మనిషి. డాక్టరు వద్దన్నా, నేను వెళ్లొచ్చానని వెళ్తున్నారు."

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "నిజమా?" అన్నారు జగన్నాథరావు. "వెళ్తానని నాతో అనలేదే... ఊరికే అడుగుతోందనుకున్నాను."

"శివశివా," అంది పాపాయమ్మ. "ఆవిడకేమైనా అయితే ఆ పాపం మనింటికే కదండీ!"

జగన్నాథరావు కోడలితో బతిమాలుతున్నట్టు అన్నారు: "యాత్ర మాత్రం మాన్పించు. ఒంటికి పడదని చెప్పు. ఆ కొండ సంగతి ఎత్తకమ్మా. హారతులిస్తున్నవాళ్లకి మనాలి అని తెలిస్తే బజార్లో తలెత్తుకోలేను."

"డాక్టరు చెప్తే వినలేదు, నేను చెప్తే వింటారా?" సూర్యకళ కంచం ముందునుంచి లేచింది. "చెయ్యి కడుక్కుని ఇప్పుడే వాళ్లింటికెళ్తాను. అది మనాలి అనీ, నేను టీ కొట్టు బల్ల ఎక్కి తీశాననీ చెప్తాను. కైలాసం నేను చూడలేదని వెంకటదుర్గకి ఫోన్ చేసి ఆవిడ ఎదటే చెప్తాను. తరవాత మన కొట్టుకి వస్తాను. ఇవ్వగా మిగిలిన క్యాలెండర్ల మీద కైలాసం కొట్టేసి మనాలి అని నా చేత్తో రాస్తాను. ఇచ్చిన ఇళ్లకి రేపట్నుంచి ఒక్కొక్కరింటికీ వెళ్తాను. తిడితే నన్నే తిట్టమనండి మావయ్యగారూ, పేరు నాదే ఉంది."