గుర్రం వెంట సైకిల్

కొండల్లో మూడు రోజులు సాగిన సైకిల్ పందెం ముగిసి తన ఊరు సెమోన్కోంగ్‌కు తిరిగొచ్చాక పొన్షోకు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. అది జంటల పందెం. తనూ మొరోయెసీ రెండు రోజులు రెండో స్థానంలో ఉండి, చివరి రోజు అయిదుకు జారిపోయారు. జారింది పొన్షో వల్లే. ఆఖరి ఎత్తులో ఆమె కాళ్లు ఉన్నట్టుండి మొరాయించాయి.

నెల తిరక్కుండానే ఇంకో జంటల పందెం ఉంది. ఈసారి దాదాపు వారం పొడుగు.

"కొన్నాళ్లు సైకిల్ ముట్టుకోకు. తిను, పడుకో," అంది మొరోయెసి. ఆమె వయసులో పెద్దది, ఇలాంటి పందేలు చాలా చూసింది.

"పడుకుంటే బలమొస్తుందా అక్కా? సాధన చాలకే కదా ఓడిపోయాం."

"సాధన కాదు తల్లీ, తిండి చాల్లేదు. రెండో రోజు నీ జేబులో పెట్టిన రొట్టె సాయంత్రం దాకా జేబులోనే ఉంది. నేను చూడలేదనుకున్నావా?"

పొన్షో తలూపింది గానీ వినలేదు. మర్నాడు భర్త సెయాబటా గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డుకు వెళ్లగానే సైకిల్ తీసి కనుమ దారి పట్టింది. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. రెండో మలుపులో కాళ్లు తడి ఇసుక మూటలైపోయాయి. గేరు ఎంత తగ్గించినా అంతే. దిగి, రాయి మీద కూలబడి ఏడ్చేసింది.

పైనుంచి డెక్కల చప్పుడు వినిపించింది. దుప్పటి కప్పుకుని గుర్రం మీద దిగివస్తున్నది ఆమె అత్తగారు మాసెయాబటా. కొండ మీద పశువుల దగ్గరున్న మామగారికి పిండి ఇచ్చి వస్తోంది. ఆవిడ గుర్రాన్ని ఆపి కోడల్ని చూసింది, సైకిల్‌ని చూసింది, మళ్లీ కోడల్ని చూసింది.

"చెడిపోయిందేది? అదా, నువ్వా?"

"నేనేనమ్మా."

"మొరోయెసి పడుకోమందట కదా?"

"మీకెవరు చెప్పారు?"

"ఆవిడే. దుకాణం దగ్గర కనిపించి, మీ కోడలు మాట వినదు, కాస్త కనిపెట్టి ఉండమంది. నాకేం పని? కొండే చెబుతుందిలే అనుకున్నా."

పొన్షోకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"పోయిన చలికాలం ఈ గుర్రం పందెం గెలిచిందా? మర్నాడు మీ మామ దీన్ని పరిగెత్తించాడా? పచ్చికలో వదిలేశాడు. నీకు ఆపాటి యోగం కూడా లేదేం, కోడలు పిల్లా? లే, ఇంటికి పద."

ఆ సాయంత్రం పడుకున్న పొన్షో మర్నాడంతా నిద్రపోయింది. లేచినప్పుడల్లా అత్తగారు పుల్లటి జొన్నగంజో, మొక్కజొన్న సంకటీ గొర్రెకూరో ముందు పెట్టేది. వద్దంటే వినేది కాదు.

కాస్త తేరుకున్నాక మొరోయెసి షరతు పెట్టింది. "తొక్కు. కానీ మీ అత్తగారి గుర్రాన్ని దాటావంటే ఇక నాతో మాట్లాడకు."

ఏటి పక్క పల్లెలో మాసెయాబటా కూతురు పురుడు పోసుకుంది. పసిబిడ్డకు నీళ్లు పోయడానికి ఆవిడ రోజూ వెళ్లొచ్చేది. పొన్షో ఆ గుర్రం వెనకే చదునైన బాట మీద మెల్లగా తొక్కుతూ వెళ్లింది. పశువుల కాపరులు ఊరుకుంటారా?

"ఏమక్కా, సైకిల్‌కి మేత పెట్టలేదా?"

మొదటి రోజు పొన్షో మొహం మాడ్చుకుంది. మూడో రోజుకు తనే జవాబిచ్చింది. "పెట్టానయ్యా, నెమరేస్తోంది!"

పెళ్లయి ఆరేళ్లయినా అత్తాకోడళ్లు ఎప్పుడూ ఇంతసేపు కలిసి ఉండలేదు. ఆ దారిలో మాసెయాబటా తన పెళ్లి కబుర్లు చెప్పింది, గిట్టని వదినగారిని అనుకరించి చూపింది. నవ్వు ఆపుకోలేక పొన్షో రెండుసార్లు సైకిల్ దిగింది. ఒక ఉదయం ఆమెకు తన కాళ్ల సంగతే గుర్తు లేదు. ఏరు దాటాక గుర్తొచ్చి చూసుకుంటే నొప్పి లేదు.

పందెం దగ్గరపడ్డాక మొరోయెసితో కలిసి నిటారు బాటలు ఎక్కింది. ఇంకా ఎక్కాలనిపిస్తుండగానే మొరోయెసి ఆపేసేది. అరిగిన బ్రేకులు, గొలుసు మార్చారు. ఉడికించిన బంగాళాదుంపలు జేబులో వేసుకుని, తొక్కుతూ నమలడం కూడా సాధన చేశారు.

"నములు!" అని వెనకనుంచి మొరోయెసి కేక.

"నోట్లో ఉంటే ఎలా పలకను?"

"పలకమన్నానా? నమలమన్నాను!"

పందెం మొదటి రోజు ఎనిమిదో స్థానం. పొన్షో కంగారు పడలేదు. ముందుకు ఎగబడి పోయినవాళ్లు రోజుకొకరు వెనకబడ్డారు. ఆఖరి రోజు వానలో, బురదలో, ఇద్దరూ పక్కపక్కనే మూడో స్థానంలో గీత దాటారు.

దగ్గర్లో ఓ బండివాడు వెనిగర్ చల్లిన వేడి బంగాళాదుంప వేపుడు అమ్ముతున్నాడు. చెరో పొట్లం కొనుక్కుని అతని టార్పాలిన్ కింద నిలబడి తిన్నారు. మొహాలకు బురద అలాగే ఉంది. సైకిళ్లు వానలో తడుస్తున్నాయి. కడగడానికి ఇద్దరికీ తొందర లేదు.

"ఇంకో పొట్లం?" అంది మొరోయెసి.

పొన్షో అప్పటికే బండివాడికి రెండు వేళ్లు చూపిస్తోంది.