పైకి వెళ్లే గొంతు

స్పీకర్లు కొనడానికి వెళ్లేవాళ్లు తమకు నచ్చిన పాటేదో వెంట తీసుకెళ్తారు. కాజాలక్క తను పాడిన పాట తీసుకెళ్లింది. పాడిన పాట అంటే మరీ పొంగిపోకండి, అందులో ఆవిడ వాటా ఆరోవంతు.

ఆవిడేమీ పుట్టుకతో కాజాలక్క కాదు. చొక్కాలు కుట్టే షెడ్డులో గుండీ కన్నాలు వేసే కాజాల మెషీను ముందు కూర్చోకముందు, ఇంకా పెళ్లి కూడా కాకముందు, సినిమా పాటల్లో కోరస్ పాడేది. హీరోయిన్ పాడుతుంటే వెనక నుంచి "ఆ..." అని వినబడుతుంది చూడండి, అదన్నమాట. ఆ "ఆ"లో మనుషులుంటారన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. వాళ్ల పేర్లు తెర మీద పడవు. పాట అవగానే డబ్బులు చేతిలో పెట్టి పంపించేస్తారు.

ఆవిడ పాడినవాటిలో చెప్పుకోదగ్గది ఒకటే పాట. సినిమా వచ్చింది ఎవరికీ తెలీదు, పోయింది ఎవరికీ తెలీదు. పాట మాత్రం ఏ పుణ్యాత్ముడి దగ్గర మిగిలిందో, ఫోన్లలోకి చేరింది. అందులో రెండో చరణం అయ్యాక వాయిద్యాలన్నీ ఆగిపోయి కోరస్ ఒక్కటే మిగులుతుంది. ఆ తర్వాత కోరస్‌లో కూడా నలుగురు ఆగిపోతారు. ఒక గొంతు కింద కదలకుండా నిలబడుతుంది. కాసేపటికి ఇంకో గొంతు దాని మీద నుంచి లేచి పైకి, ఇంకా పైకి వెళ్లి, అక్కడ ఓ క్షణం ఆగి దిగుతుంది.

"ఆ పైకి వెళ్లేది నేనే!"

ఈ మాట కాజాలక్క ఆడపడుచులకు చెప్పింది, షెడ్డులో అందరికీ చెప్పింది, కూరగాయలు బేరం చేస్తూ మధ్యలో ఆపి మరీ చెప్పింది. కానీ ఫోన్లో పెడితే గొంతులన్నీ కలిసి మెత్తగా ఉడికిన ముద్దలా వస్తాయి. "ఆఁ, వినబడిందిలే అక్కా" అని మొహమాటానికి అన్నవాళ్లే గానీ నిజంగా విన్నవాళ్లు లేరు. ఇయర్‌ఫోన్లు కొనుక్కోమని సలహా ఇచ్చిన వాళ్లున్నారు. కొంది. అవి చౌకవి, ముద్దనే తెచ్చి సరాసరి చెవిలో పెట్టాయి. అయినా ఆవిడకు కావలసింది చెవిలో కాదు. తన గొంతు గదిలోకి రావాలి. గోడలకు తగలాలి. తను కూడా ఒకప్పుడు ఉన్నానని తన చెవులతో తనే వినాలి. ఇంత చిన్న కోరిక తీరకుండా జుట్టు నెరిసిపోయింది.

ఆ గొంతుకు సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఒకతే ఉండేది, పిచ్చుక. అది అందరూ పెట్టిన పేరు. ఇద్దరూ ఒకే మైకు ముందు భుజానికి భుజం ఆనించి నిలబడేవాళ్లు. ఒకే గొడుగు, ఒకే అన్నం డబ్బా. పై స్థాయికి వెళ్తే పిచ్చుకకు నవ్వొచ్చేది. "ఏమ్మా, ఇక్కడేమైనా జోకు వేశామా?" అని సంగీతం మాస్టారు కసిరేవాడు. "ఊయల పైకి లేచినట్టుంటుందండీ, అదే వచ్చేస్తుంది" అనేది. తర్వాత మీట నొక్కితే పదిమంది పాడినట్టు వినిపించే కీబోర్డులు వచ్చాయి. స్టూడియో నుంచి పిలుపులు ఆగిపోయాయి. పిచ్చుక పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, కాజాలక్క వాళ్లు రెండిళ్లు మారారు, ఎవరి చిరునామా ఎవరి దగ్గరా మిగల్లేదు. ఇప్పటికీ బస్సులో ఎవరైనా గలగలా నవ్వితే కాజాలక్క తల తిప్పి చూస్తుంది.

ఇక ఆవిడ మొగుడు. పిండిమర నడుపుతాడు. బంగారం లాంటి మనిషి, కాకపోతే చెవుల్లో సగం పిండిమర మింగేసింది. సన్నటి శబ్దాలు అసలు అందవు. కుక్కర్ కూత వినబడదు, గేటు దగ్గర లారీ ఆగితే వినబడుతుంది. పాట పెట్టినప్పుడల్లా ఫోను చెవికి ఆనించుకుని, ఆ చోటు రాగానే వేలెత్తి, "ఇదిగో, నువ్వు!" అని వీధికంతా వినబడేలా అరుస్తాడు. ఆ వేలెప్పుడూ కాస్త ముందే లేచేది, పైగొంతు ఇంకా మొదలవకుండానే. పాపం వినబడక అంచనాగా ఎత్తుతున్నాడులే అని కాజాలక్క నవ్వి ఊరుకునేది.

సరే, షెడ్డులో ఆదివారాలు కూడా పనిచేసి కాస్త కూడబెట్టింది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లి స్పీకర్ల కొట్టు మెట్లెక్కారు.

కొట్టాయన మాటకారి. వాళ్ల బడ్జెట్ వినగానే మొహం మాడ్చకపోవడం ఆయన గొప్పతనం. "చూడమ్మా, దాపరికం ఎందుకు? ఈ డబ్బుకు రెండే వస్తాయి. ఇదిగో ఈ బుల్లివి. కొత్తవి. సన్నటి శబ్దాలు గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు పలుకుతాయి, కింది శబ్దం మాత్రం అడక్కు. లేదంటే అవిగో, ఆ చెక్కపెట్టెలు. పాతవి, ఎవరో ఇల్లు మారుతూ ఇచ్చేశారు. కింది శబ్దం నిండుగా ఉంటుంది, పైది మసక. రెండూ కావాలంటే..." అని వెనక అద్దాల గది వైపు చూసి, "అవి మనకొద్దులే, వాటి ధర అడిగితే నాకే కళ్లు తిరుగుతాయి" అన్నాడు.

"ఏమంటున్నాడే?" అన్నాడు భర్త.

"చిన్నవి ఒక రకం, పెద్దవి ఒక రకం అంటున్నాడండీ!" అని అరిచింది కాజాలక్క.

ముందు బుల్లివాటి మీద పెట్టించింది. వాయిద్యాలు ఆగాయి. పైగొంతు తీగలా లేచింది. ఇన్నేళ్లకు మొదటిసారి విడిగా, ఒంటరిగా వినబడింది. కాజాలక్కకు కళ్లలో నీళ్లు తిరగాల్సింది, కానీ నుదురు ముడిపడింది. ఏదో తేడాగా ఉంది. సొంత ఇంటికి వచ్చి తాళం తిప్పితే తిరగనట్టు. భర్త వైపు చూసింది. ఆయన బుద్ధిగా తలాడిస్తున్నాడు గానీ వేలు లేవలేదు.

చెక్కపెట్టెల మీద పెట్టించింది. ఈసారి పైగొంతు ఎక్కడో దూరాన దీపంలా మినుకుమంది. కింది గొంతు మాత్రం గదిలోకి వచ్చి కూర్చుంది. భర్త మొహం వెలిగిపోయింది. వేలు టక్కున లేచింది. "ఇదిగో, నువ్వు!"

కొట్టాయన ఉలిక్కిపడ్డాడు. కాజాలక్క సిగ్గుపడే స్థితిలో లేదు. "అన్నయ్యా, ఒక్కసారి ఆ అద్దాల గదిలో పెట్టండి. కొనలేం. విని పోతాం."

"వినడానికి డబ్బు తీసుకోనులే చెల్లెమ్మా, రా" అన్నాడాయన.

ఆ గదిలో ఆరుగురూ ఆరు మనుషులుగా వచ్చి నిలబడ్డారు. ఎవరు ఎప్పుడు ఊపిరి పీల్చుకున్నారో కూడా తెలుస్తోంది. నలుగురు ఆగారు. కింది గొంతు నిలబడింది. పైగొంతు లేచింది. ఎక్కింది, ఎక్కింది, చివరి మెట్టు మీద నిలిచింది. అక్కడ, నిలిచిన ఆ క్షణంలో, గొంతు చివర చిన్న నవ్వు ఉంది.

కాజాలక్క స్పీకర్ల దగ్గరికి వంగింది. ఆ నవ్వు తనది కాదు. పైకి వెళ్లినప్పుడు తనకెప్పుడూ నవ్వు రాలేదు, భయమేసేది.

అప్పుడు ఆ రోజంతా కళ్లముందుకొచ్చింది. పొద్దుటి నుంచి టేకు తర్వాత టేకు. అన్నింట్లో పైకి వెళ్లింది తనే. చివర్లో తన గొంతు బొంగురుపోయింది. "ఒక్కసారి మీరిద్దరూ మార్చుకోండమ్మా, ఎలా ఉంటుందో చూద్దాం" అన్నాడు మాస్టారు. మార్చుకున్నారు. తను కింద నిలబడింది, పిచ్చుక పైకెళ్లి నవ్వనే నవ్వింది. ఆ వెంటనే "ఇక చాలు" అని అందర్నీ పంపించేశారు. ఏ టేకు తీసుకున్నదీ కోరస్ వాళ్లకు ఎవరు చెబుతారు? బస్సులో పిచ్చుక చేతులు పట్టుకుని, "నా నవ్వుతో ఆఖరిది చెడగొట్టానే. అంతకుముందుదే ఉంచుతారులే, నీదే ఉంటుంది" అంది. తనూ నమ్మింది. నమ్మి, ఇన్నేళ్లూ ఊరంతా చాటింది.

చెడిపోయిందనుకున్నదాన్నే ఉంచారు.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"ఆ పైకి వెళ్లేది నేను కాదండీ" అంది మెల్లగా.

"ఏంటీ?"

ఇలాంటి మాటను గుసగుసగా చెప్పుకునే అదృష్టం కూడా ఆవిడకు లేదు. "పైకి వెళ్లే గొంతు నాది కాదండీ! పిచ్చుకది!" అని అరిచింది. కొట్లో స్విచ్చులు కొంటున్న వాళ్లు కూడా తిరిగి చూశారు.

భర్త అయోమయంగా స్పీకర్ల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "పైకి వెళ్లేదా? పైన ఇంకో గొంతుందా?"

"అదేంటండీ, ఇన్నేళ్లూ వేలెత్తి చూపించారు కదా?"

"నేను చూపించింది కిందిదాన్నే. కదలకుండా నిలబడుతుందే, అది. నాకు వినబడేది అదొక్కటే." ఆయన కాస్త నొచ్చుకున్నట్టే అన్నాడు. "అది నువ్వే కదా. నీ గొంతు నాకు తెలీదా ఏంటి?"

కాజాలక్క అక్కడున్న స్టూలు మీద కూలబడింది. ఈ లోకంలో తన గొంతును సరిగ్గా విన్నది ఒక్క చెవిటి మొగుడే. ఇన్నాళ్లూ తనే ఆయన్ని చూసి నవ్వుకుంది. ముందే లేచిన ఆ వేలు ఒక్కసారి కూడా తప్పలేదు.

కొట్టాయన గొంతు సవరించుకుని, "ఏవి కట్టమంటావు చెల్లెమ్మా?" అన్నాడు.

ఇప్పుడు వచ్చింది అసలు బాధ. బుల్లివి తీసుకుంటే పిచ్చుక ఇంటికొస్తుంది. కావాలన్నప్పుడల్లా నవ్వుతుంది. ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియని మనిషి రోజూ సాయంత్రం గదిలో ఉంటుంది. అది ఎంత కావాలనిపించిందో చెప్పలేం. బుల్లివాటి మీద ఇంకోసారి పెట్టించింది. వింది. సన్నగానే అయినా నవ్వు ఉంది. భర్త పక్కనే ఓపిగ్గా నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని, ఎప్పుడు తలాడించాలా అని భార్య మొహంలోకి చూస్తూ.

ఆ చూపుకు ఆవిడ ఓడిపోయింది.

"పెద్దవి కట్టండి" అంది.

ఆ చెక్కపెట్టెలను బండి మీద వేసుకుని ఇంటికి తెచ్చేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఎండ ఇంకా కిటికీలో ఉంది. మంచానికి అటొకటి ఇటొకటి పెట్టి, కొట్టాయన చెప్పినట్టే తీగలు బిగించి, పాట పెట్టింది. భర్త స్పీకరుకు ఎదురుగా, పరీక్షకు కూర్చున్నట్టు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాజాలక్క ఆయన వెనక నిలబడింది.

వాయిద్యాలు ఆగాయి. నలుగురు ఆగారు. కింది గొంతు వచ్చి నిలబడింది. ఎప్పుడూ చెవి పెట్టి వినని గొంతు. నిబ్బరంగా, తొణక్కుండా, పై మనిషి ఎంత పైకి వెళ్లినా తిరిగి దిగడానికి చోటు కాసుకుని ఉన్న గొంతు. ఇంత బాగా పాడేదా తను? పైన మాత్రం మసక. పిచ్చుక ఉండాల్సిన చోట పల్చటి గాలి.

పిచ్చుక కూడా ఆఖరి టేకు చెడిందనే అనుకుంది కదా, అని అప్పుడు తట్టింది. అంటే అదీ ఎక్కడో, ఏ గదిలోనో, ఇదే పాట ఫోన్లో పెట్టి, మనవరాళ్లను కూర్చోబెట్టి, "ఆ కింద నిలబడేది నేనే" అని చెబుతూ ఉంటుంది. తన గొంతును అది, దాని గొంతును తను, నాది నాది అని చెప్పుకుంటూ ముసలివాళ్లయిపోయారు. పైకి వెళ్లింది నువ్వేనే పిచ్చుకా, చెడగొట్టలేదే నువ్వు, దాన్నే ఉంచారే, అని చెప్పాలి. ఎవరికి చెప్పాలి? ఎక్కడికని వెళ్లి చెప్పాలి?

పాట మళ్లీ మొదటికి తిప్పింది. ఆ చోటు వచ్చింది. కింద తను నిలబడి ఉంది. పైన ఖాళీగా ఉంది.

కాజాలక్క నోరు తెరిచింది. గొంతు పెళుసుబారిపోయింది, రెండుచోట్ల జీర వచ్చింది. అయినా లేచింది. పిచ్చుక చోటులోంచి పైకి, ఇంకా పైకి వెళ్లింది. కింద ఆ పడుచు గొంతు జారనివ్వకుండా పట్టుకుని ఉంది. చివరి మెట్టు మీదికి వచ్చేసరికి, ఈసారి భయం వేయలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో, నవ్వొచ్చింది.

ముందు కుర్చీలో భర్తకు ఇదేదీ వినబడలేదు. ఆయన వేలు అప్పటికే లేచి ఉంది, చెక్కపెట్టె వైపు.

"ఇదిగో, నువ్వు!"

"అవునండీ," అంది కాజాలక్క, ఆయనకు వినబడేలా. "నేనే."